ఊరంతటికి ఒక కప్పు: ఫిరంగిపురం బాలయేసు దేవాలయము

(సూరతు నగరము, సలాబత్‌పురాలోని తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసము)



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏటేట జరుగుచున్నదో ఆ ఉపాధ్యాయుడు పగలంతయు మరమగ్గముల నడుమ పనిచేసి, ప్రొద్దుగుంకిన పిదప ఈ పేట సందులలోని తెలుగుబిడ్డలను చేరదీసి ఓనమాలు దిద్దించినవాడు. తెలుగువాడు కట్టినది గుడియైనను, మసీదైనను, చెరువుగట్టైనను తనదిగానే భావించినవాడు. కరీంనగరమునుండియు, ఓరుగల్లునుండియు, నల్లగొండనుండియు మగ్గమును నమ్ముకొని వచ్చి, మార్కండేయమహర్షిని మూలపురుషునిగా కొలుచు పద్మశాలీ కుటుంబములు పెక్కుగా స్థిరపడిన ఈ సలాబత్‌పురాలో, గుంటూరు సీమయందలి యొక పల్లెటూరి కతోలిక దేవాలయమును గూర్చి మాట్లాడుటకు నాకు ధైర్యమిచ్చినది ఆయన స్వభావమే.

దేవాలయచరిత్రమనగా కట్టించినవారి పేరు, శంకుస్థాపన తేది, గోపురపు ఎత్తు, గంట బరువు చెప్పి ముగించుట మనకు అలవాటైనది. నేనా త్రోవను పోను. ఆ కప్పు క్రింద ఎవరు కూర్చుండిరి, ఎవరెక్కడ కూర్చుండిరి, అంతమంది యొకచోట కూర్చుండుటకు ఎట్టి గోడలు, ఎట్టి తోరణములు కావలసివచ్చినవి అనునదియే దేవాలయపు నిజమైన చరిత్రమని నా నిశ్చితాభిప్రాయము. ఫిరంగిపురపు బాలయేసు దేవాలయమును నేను దృష్టాంతముగా గైకొనుటకు కారణము కూడ అదియే.

ఈ కథలోని మొదటి పాయ ఈ సూరతు రేవునుండియే బయలుదేరినది. 17వ శతాబ్దిలో మొగలాయీలకు ప్రధాననౌకాశ్రయమై, మక్కా యాత్రికులకు ద్వారమై, ఇంగ్లీషువారికిని డచ్చివారికిని వర్తకస్థానమై వెలసిన ఈ పట్టణమున ఫ్రెంచి కపూచిన్ సన్యాసులకొక చిన్న మఠముండెడిది. ఆ సభకు చెందిన ఎఫ్రేము స్వామి బర్మాలోని పెగూకు పోదలచి, సూరతు విడిచి, దక్కను మీదుగా గోల్కొండ చేరెను. ఆయన గణితపరిజ్ఞానమును, అరబ్బీ భాషలోని నేర్పును చూచి ముచ్చటపడిన కుతుబ్‌షాహీ రాజుగారి అల్లుడు భాగ్యనగరముననే నిలిచిపొమ్మనియు, ఇల్లును దేవాలయమును తన సొమ్ముతో కట్టింతుననియు కోరినట్లు ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథమున వ్రాసియున్నాడు. స్వామి ఒప్పుకొనలేదు. అయినను ఆ అల్లుడు నొచ్చుకొనక, ఎద్దునొకదానిని తోడు మనుష్యులను ఇచ్చి బందరునకు సాగనంపెను. బందరులో పెగూకు పోవు ఓడ దొరకలేదు. అప్పుడప్పుడే కోట కట్టుకొనుచున్న ఇంగ్లీషువారు రమ్మని పిలువగా ఎఫ్రేము స్వామి 1642లో చెన్నపట్టణము చేరి, అచ్చటనే పాదుకొనెను. తరువాత పోర్చుగీసు మతవిచారణాధికారులు ఆయనను పట్టి గోవాలో చెరబెట్టినప్పుడు, విడుదలకై సూరతునుండి కదలి పాటుపడినవాడు సహచరుడగు జెనో స్వామి. ఓడ దొరకకపోవుటవలన నిలిచిన ఆ సన్యాసి నాటిన సంస్థయే చెన్నపట్టణపు కతోలిక మండలమునకు మూలము. అది 1832లో మదరాసు వికారియతుగా, అనగా పోపు ప్రతినిధి పాలించు మండలముగా, రూపొందగా, కాలాంతరమున గుంటూరు సీమలోని తెలుగు కతోలికులు ఆ మండలము క్రిందికే వచ్చిరి.

సూరతును గూర్చి మరి రెండు సంగతులు చెప్పక ముందునకు సాగుటకు మనసొప్పదు. 1664 జనవరిలో శివాజీ సేనలు ఈ నగరమును కొల్లగొట్టినప్పుడు కపూచిన్ మఠమును, దాని పెద్దయగు ఆంబ్రోజు స్వామిని ముట్టక విడిచినట్లు ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే వ్రాసెను. దండయాత్ర నడుమకూడ సన్యాసి యిల్లు సన్యాసి యిల్లుగానే గుర్తింపబడినదన్నమాట. రెండవది, ఈ ఊరియందే యున్న ఇంగ్లీషువారి, డచ్చివారి సమాధులు. ఇంగ్లీషువారగు ఆక్సెండన్ సోదరుల సమాధిని, మలయాళదేశపు ఓషధులపై మహాగ్రంథమును సిద్ధపరచి 1691లో కాలధర్మమునొందిన డచ్చి అధికారి వాన్ రీడె సమాధిని చూచినవారికి అవి మొగలాయి సర్దారుల గోరీలవలె గుమ్మటములు ధరించి కనబడును. వారు ప్రొటెస్టంటులు; వారి స్వదేశములలో ఇట్టి గుమ్మటములు సమాధులపై లేవవు. సూరతు మేస్త్రీలు తమకు తెలిసినట్లు కట్టిరి, పరదేశి వర్తకులు సంతోషముగా ఒప్పుకొనిరి. క్రైస్తవకట్టడము మనదేశమున అడుగు పెట్టిననాటినుండి మనవారి చేతులలో మనవారి పోకడలను పొందినదనుటకు ఇంతకంటె దగ్గరి సాక్ష్యము ఈ సభకు నేను చూపలేను.

రెండవ పాయ దక్షిణమునుండి వచ్చినది. 18వ శతాబ్ది ఆరంభమున పుదుచ్చేరినుండి ఫ్రెంచి యేసుసభ గురువులు, మొదువా, బూషే మొదలగువారు, తెలుగుసీమలోనికి ప్రవేశించి పుంగనూరు, కృష్ణాపురము, బుక్కాపురము, మదిగుబ్బ మున్నగు చోట్ల కేంద్రములు నెలకొల్పిరి. కర్ణాటక మిషనని పేరొందిన ఆ సంస్థకు చెందినవారు కాషాయము ధరించి, మాంసము విసర్జించి, సన్యాసులవలె బ్రతికిరి. వారి తొలి దేవాలయములు మట్టిగోడలమీద గడ్డికప్పు వేసిన పాకలే. పాలెగాండ్ర కోపము వచ్చిన నాడు, మరాఠా గుఱ్ఱపు దండు వచ్చిన నాడు విడిచి పోవుటకు వీలైన కట్టడములవి. రాతిగోడ కట్టవలెనన్నచో ఇచ్చటనే యుందుమను నమ్మకము కావలెను. ఆ నమ్మకము కుదురుటకు ఈ సంఘమునకు నూటయేబదియేండ్లకు పైగా పట్టినది.

ఆ గురువులలో ఒకనిని మాత్రము నేత, అద్దకము కులవృత్తిగా గల మీకు ప్రత్యేకముగ పరిచయము చేయవలసియున్నది. గాస్తోన్ కుర్దూ స్వామి తెలుగునేలపై వసించి, తెలుగును సంస్కృతమును అభ్యసించి, సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతోగల చుట్టరికమును విలియం జోన్సు 1786లో ప్రకటించుటకు పూర్వమే, 1767లో పారిసు పండితసభకు వ్రాసిన మహానుభావుడు. ఆయనయే 1742లో నూలుగుడ్డలపై రంగులు వేయు విధానమును గూర్చి ఫ్రాన్సుకు ఒక దీర్ఘమైన లేఖ వ్రాసెను. తాను జ్ఞానస్నానమిచ్చిన అద్దకపు పనివారే తనకీ రహస్యములు చెప్పిరని ఆయన ఒప్పుకొనెను. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టుట, పిండుట, ఎండబెట్టుట, అటుపై రంగు పట్టునట్లు కసటు కుదుర్చుట ఆ లేఖలో పూసగుచ్చినట్లున్నవి. బోధింపవచ్చినవాడు బోధితుల ముందు కూర్చుండి, వారి వృత్తిని శ్రద్ధతో నేర్చుకొని, అక్షరము తప్పక వ్రాసిపెట్టుట నాకు పూజ్యమైన పనిగా తోచును. ఆ కరక్కాయ యొద్దకు మరల వచ్చెదను. దేవాలయపు గోడలలోను దానికి చోటున్నది.

18వ శతాబ్ది నడుమ రాయలసీమలో అశాంతి ప్రబలగా, కరవులు తోడుకాగా, క్రైస్తవులైన రైతుకుటుంబములు పెక్కు తూర్పుముఖముగ కదలినవి. కొందరు గుంటూరు సీమకు చేరిరి. కొందరు తమిళదేశమున కీలచ్చేరి మున్నగు చోట్ల నిలిచి నేటికిని ఇండ్లలో తెలుగు మాటలాడుచున్నారు.  బండ్లపై ధాన్యపుగింజలను, పసిబిడ్డలను, మరియమాత పటమును వేసికొని పోయిన ఆ వలసజనులకు పోయినచోట మొదట బావి, తరువాత పంట, పిమ్మట ప్రార్థనకొక పాక. ఉన్నయూరు విడిచి వచ్చి ఈ నగరమున మగ్గము నిలిపిన వారికి ఆ క్రమము తెలియనిది కాదు.

1773లో రోమునుండి వచ్చిన ఆజ్ఞతో యేసుసభ రద్దుకాగా గురువుల రాక సన్నగిల్లినది. పారిసు విదేశ మిషను గురువులు బాధ్యత వహించిరిగాని వారి సంఖ్య స్వల్పము. ఆ లోటుకాలమున మందను చెదరిపోకుండ కాచినవారు ఉపదేశులు, అనగా పల్లెలలోనుండి జపములు నేర్పుచు, చావుబ్రతుకులకు ప్రార్థన చెప్పుచు, స్వామి వచ్చునంతవరకు సంఘమును నిలుపుచు బ్రతికిన సామాన్యగృహస్థులు. వారిలో అధికసంఖ్యాకుల పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు. పేరు నిలిచిన వారిలో ఫిరంగిపురపు ఆడుబిడ్డ యొకతె కలదు. 1822లో ఆ గ్రామమున జన్మించిన జ్ఞానమ్మ, భర్తను కోల్పోయిన పిదప కీలచ్చేరి చేరి, ఆడపిల్లకు చదువెందుకని లోకమడుగుచున్న ఆ రోజులలో, 1863లో అచ్చట బాలికలకు పాఠశాల తెరచెను. పునీత అన్నమ్మ మఠకన్యల సభకు ఆమెయే మూలకారకురాలై 1874లో పరమపదించెను. ఫిరంగిపురమున పెద్ద దేవాలయము లేచుటకు ముందే ఆ ఊరు బయటిలోకమునకు ఒక విద్యాదాతను ఇచ్చినదను సంగతిని మనము మరువరాదు.

1866లో లండనులో హెర్బర్టు వాఘన్ స్థాపించిన మిల్‌హిల్ సభ గురువులు 1870 దశకమున మదరాసు మండలమునకు వచ్చి తెలుగుపల్లెల బాధ్యత వహించిరి. వారు వచ్చిన కాలము సామాన్యమైనది కాదు. ధాత కరవని మన తాతలు చెప్పుకొని వణకిన 1876–78 నాటి మహాక్షామము నెల్లూరు, ఒంగోలు, పలనాడు సీమలను దున్నివేసినది. ఆకలికి ఊళ్లు ఖాళీలైనవి. గంజికేంద్రముల చుట్టు జనము చేరినది. క్షామానంతరము అన్ని క్రైస్తవసంఘములలోనికిని మాలపల్లెలనుండియు మాదిగపల్లెలనుండియు జనులు వేలకొలది వచ్చిరి. ఒంగోలు బాప్టిస్టు మిషనులో 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గంజికొరకు వచ్చిరని ఎగతాళి చేయుట సులభము. శతాబ్దులుగా ఊరిబావికిని గుడిగుమ్మమునకును దూరముగ నిలువబడినవారు తమను పేరుపెట్టి పిలిచి లోనికి రమ్మన్నచోటికి వచ్చిరనుటయే న్యాయము. లోనికి రమ్మన్న తరువాత లోపల చోటుండవలెను గదా! భూస్వాములైన పాత కతోలిక కుటుంబములకు సరిపోయిన చిన్న ప్రార్థనామందిరములు ఈ జనసందోహమునకు చాలలేదు. ఈ పరిస్థితులలోనే 1880, 1890 దశకముల సంధికాలమున, మిల్‌హిల్ గురువు థియోడర్ డీక్‌మన్ స్వామి పూనికతో ఫిరంగిపురమున బాలయేసు దేవాలయము లేచినది.

గుంటూరునుండి నరసరావుపేటకు పోవు మార్గమున, కొండవీటి గిరిపంక్తి పాదమున నున్నదా గ్రామము. రెడ్డిరాజుల రాజధానికి అంత చేరువ. మిరపకును పొగాకునకును పేరైన ఆ నల్లరేగడి నేలలో కొండలు మాత్రము రాతి గనులు. పడమటనున్న పలనాడు నాపరాతికిని, పిడుగురాళ్ల సున్నమునకును ప్రసిద్ధము. కట్టువానికి కావలసిన సరకంతయు బండిదూరములోనే యున్నదన్నమాట.

ఇక కట్టడపు రూపము. మన శైవవైష్ణవాలయములలో ప్రాణమంతయు గర్భగృహమునందున్నది. అది చిన్నది, చీకటిది. భక్తుడొక్కడుగా వచ్చి, ఒక్కడుగా దర్శించి, ఒక్కడుగా మరలిపోవును. మంటపము ఎంత విశాలమైనను గర్భగుడికి అనుబంధమే. క్రైస్తవ దేవాలయము వేరొక మూలమునుండి పుట్టినది. 4వ శతాబ్దిలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి క్రైస్తవులకు స్వేచ్ఛ నొసగిన పిదప వారు తమ ఆరాధనకు రోమను దేవతల గుళ్ల నమూనాను స్వీకరింపలేదు. న్యాయస్థానముగను వర్తకులు గుమిగూడు చావడిగను వాడబడుచుండిన బసిలికా అను పొడవైన సభాశాలను స్వీకరించిరి. దానికి కారణము సుస్పష్టము: దివ్యపూజ సమూహమంతయు కూడి చేయవలసినది. అందుచేత నడుమ పొడవైన మధ్యశాల, ఇరుప్రక్కల స్తంభపంక్తుల కావల పార్శ్వశాలలు, కొసను ఎత్తుగ పీఠస్థలము. మిలాను నగరపు కార్డినలు చార్లెస్ బొరొమేయో 1577లో దేవాలయనిర్మాణమునకు నియమావళి వ్రాసి, పీఠము తూర్పుముఖముగ నుండుట మొదలు చిన్నచిన్న సంగతులవరకు నిర్దేశించెను. ఆ సంప్రదాయమే సముద్రములు దాటి, మిల్‌హిల్ గురువుల చేతిసంచులలో గుంటూరు పల్లెలకు చేరినది.

మేస్త్రీల చేతిలో ఆ రూపము ఎట్లు నిజమైనదో కొంత నిలిచి చూడవలెను. ఆ తరమున గుంటూరు సీమలో సిమెంటు లేదు. సున్నపురాతిని కట్టెతో పొరలు పొరలుగ పేర్చి బట్టీలో కాల్చవలెను. కాలిన రాతిపై నీరు పోసి విరియజేయవలెను. అది బుసబుస పొంగి, వేడిని చిమ్మి, తెల్లని పిండియై రాలును. దానిని జల్లించి, ఇసుకతో కలిపి గానుగలో వేయవలెను. నేలపై గుండ్రముగ తవ్విన రాతికాలువ, అందులో నిలువుగ దొర్లు బరువైన రాతిచక్రము, దానిని త్రిప్పు ఎద్దు. ఎద్దు ప్రొద్దుటినుండి తిరుగుచుండగా ఒకడు పారతో సున్నమును చక్రము క్రిందికి త్రోయుచుండును. కరక్కాయలను దంచి నానబెట్టిన నీటిని, బెల్లపు నీటిని ఆ సున్నమున కలుపుట దక్షిణదేశపు మేస్త్రీల వాడుక. కరక్కాయలోని వగరు, బెల్లములోని జిగి సున్నమునకు పట్టును నునుపును ఇచ్చును. కుర్దూ స్వామి చూచిన అద్దకపు తొట్టిలోని కరక్కాయయే ఇచ్చట గోడలోను పనిచేయుచున్నది! అటుపై గోడ గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దికొద్దిగ పీల్చుకొని, ఏండ్ల తరబడి గట్టిపడుచు, బట్టీకి పోకముందు ఏ రాయియో మరల ఆ రాయిగా మారును. అందుచేత సున్నపుగోడకు తొందర పనికిరాదు. ఒక వరుస ఆరినగాని మరొక వరుస ఎక్కింపరాదు. రాయి కొట్టిన వడ్డెరలు, పునాదులు త్రవ్విన ఉప్పరులు, తోరణములకు కొయ్యచట్రములు అమర్చిన వడ్రంగులు, తట్టలు మోసిన ఆడువారు ఏండ్లు గడిపినగాని ఇట్టి దేవాలయము పూర్తికాదు.

తోరణములనుగూర్చి మరొక మాట. 19వ శతాబ్దిలో ఇంగ్లాండున వాస్తుశిల్పి ప్యూజిన్ మొదలగువారు కొనతేలిన తోరణముగల గాథిక్ పద్ధతియే నిజమైన క్రైస్తవశైలియని ఉద్ఘోషించిరి. ఆ గాలి మనదేశపు మిషనరీ కట్టడములలో పెక్కింటికి సోకినది. అర్ధచంద్రాకారపు తోరణము బరువును ప్రక్కలకు అధికముగ నెట్టును. కొనతేలిన తోరణము ఆ బరువును క్రిందికి ఎక్కువగ దింపును. కనుక గోడలు మరింత ఎత్తుగ లేవవచ్చును, కిటికీలు మరింత పెద్దవి కావచ్చును, వేయిమంది ఊపిరి నిండిన శాలలో గాలి పైకెగసి పోవచ్చును. మన ఎండలకు ఈ గుణము ఎంతో మేలు చేసినది. అయితే ఈ తోరణము తెలుగు మేస్త్రీకి క్రొత్త కాదు. 1591లో చార్మినారు కట్టిన చేతులు దానిని కట్టినవి. గోల్కొండ గోరీలలో అది వరుసలు తీరియున్నది. కొండవీడు కుతుబ్‌షాహీల వశమైన నాటినుండి ఆ సీమవారి కన్ను దానికి అలవాటుపడియున్నది. లండనులో సెయింట్ పాల్ మందిరమును నిర్మించిన క్రిస్టొఫర్ రెన్ సైతము గాథిక్ పద్ధతిని సారసీనుల, అనగా ముస్లిముల, పద్ధతి యనవలెనని ఎన్నడో వ్రాసెను. మసీదు తోరణమునకును దేవాలయతోరణమునకును ఒకే మేస్త్రీ, ఒకే సున్నము, ఒకే కొయ్యచట్రము. పల్లెవాసులు ఆ క్రొత్త కట్టడమును చూచి పరాయిదని తొలగిపోకుండుటకు ఇదియు నొక కారణమని నేను విశ్వసింతును.

ఇంతటి శాల లేచిన తరువాత అందులో ఎవరెక్కడ కూర్చుండవలెనను ప్రశ్న వచ్చినది. దీనిని దాటవేయుట చరిత్రకారునకు తగదు. పురుషులొకవైపు, స్త్రీలొకవైపు, అందరును చెప్పులు వెలుపల విడిచి నేలపైననే. ఈ మర్యాదను ఎవరును ఆక్షేపింపలేదు. కాని కులముల పేర గీసిన గీతలు మాత్రము దేవాలయమునకు గాయములైనవి. తిరునల్వేలి సీమలో వడక్కన్‌కుళము అను గ్రామమున 1872లో ప్రారంభించిన దేవాలయమునకు రెండు మధ్యశాలలు నిర్మించిరి. పీఠమొక్కటియే, దానివద్ద కలిసి వెలుపలికి రెండు పాయలుగ చీలు శాలలు, ఒకదానిలో వెళ్లాళులు, మరొకదానిలో నాడార్లు. ఒకరినొకరు చూడకయే అందరును పీఠమును చూడవచ్చును. కులము తన రూపురేఖలను రాతిలో ఇంత నిర్లజ్జగా గీయించుకొన్న కట్టడము వేరొకటి నాకు తెలియదు. 1910లో ఆ నడిమి అడ్డును తొలగించినప్పుడు వ్యాజ్యము పుట్టి మదరాసు హైకోర్టుకెక్కగా, దేవాలయమున కులాధిక్యమునకు హక్కు లేదని తీర్పు వచ్చినది. తెలుగుపల్లెలలో అట్టి రెండు కొమ్మల కట్టడములు లేవలేదుగాని, ఒకే శాలలో ముందు వరుస ఒకరిది, వెనుక వరుస మరొకరిది అను కట్టుబాటు, మరణానంతరము సైతము వేరువేరు శ్మశానములను కోరు పట్టుదల పెక్కు విచారణలలో, అనగా ఒక గురువు ఆధీనమునందలి స్థానికసంఘములలో, నడచినవి. కొన్నిచోట్ల నేటికిని నడచుచున్నవి. వీనిని గెలిచినది చట్టమొక్కటియే కాదు. శాల యొక్కటి, తలుపు లొక్కటి, దివ్యసత్ప్రసాదము స్వీకరించు చోటొక్కటి. వెనుక వరుసవాని కుమారుడు మిషను బడిలో చదివి, ఉపాధ్యాయుడై, గురువై, ఆ పీఠముకడనే నిలువబడినప్పుడు ముందు వరుసవాడు అతని యెదుట మోకరిల్లవలసివచ్చినది. వడక్కన్‌కుళములో వేరువేరు శాలలున్నందున గోడను పడగొట్టవలసివచ్చెను. ఒకే శాలగ కట్టినచోట పడగొట్టవలసినది మనస్సులోని గోడ మాత్రమే. కష్టమైన పనియే, కాని కట్టడము దానికి అడ్డుతగులలేదు. డీక్‌మన్ స్వామి తరమువారు తెలిసి చేసినను తెలియక చేసినను, ఒక్క కప్పు వేయుట వారి పనులలోకెల్ల గొప్పపనియని నేను తలంచుచున్నాను.

పాలనాచరిత్రమును త్వరగా చెప్పి విడుతును. 1928లో నెల్లూరు, 1940లో గుంటూరు మేత్రాసనములు, అనగా పీఠాధిపతులు పాలించు మండలములు, ఏర్పడినవి. గుంటూరు తొలి పీఠాధిపతి తెలుగువాడైన పోతకమూరి తోమాసుగారు, అనంతరము బెంగళూరు పీఠమునలంకరించిరి. 1904లో హాలండునుండి వచ్చిన యేసు మరియ జోజప్ప సభ మఠకన్యలు గుంటూరు సీమలో పాఠశాలలు, వైద్యశాలలు నడిపిరి.

కతోలిక సంఘపు రెండవ వాటికను మహాసభ 1962లో ప్రారంభమై 1965లో ముగియగా, దివ్యపూజ లాటినునుండి తెలుగులోనికి వచ్చినది. గోడకంటియుండిన పీఠము ముందునకు జరిగినది. ప్రజలకు వీపు చూపి ప్రార్థించిన గురువు ప్రజలవైపు తిరిగెను. ఆ మార్పును బయటివారు చిన్నదిగా భావింతురు. పొడవైన శాల వెనుకభాగమున కూర్చుండి, అర్థముకాని భాషలోని ధ్వనిని గంట మ్రోతనుబట్టి అనుసరించిన వృద్ధురాలికి, ఒక ఆదివారమునాడు పీఠమునుండి తన మాటయే వినవచ్చుట ఎంతటి సంగతియో ఆలోచింపుడు. భారతదేశపు పీఠాధిపతుల కోరికపై 1969లో రోము అంగీకరించిన పండ్రెండంశములలో చెప్పులు విడుచుట, నేలపై కూర్చుండుట, చేతులు జోడించి నమస్కరించుట, హారతి, క్రొవ్వువత్తులకు బదులు నూనెదీపము ఉన్నవి. ఫిరంగిపురము వంటి విచారణలలో చెప్పులు విడిచి నేలపై కూర్చుండుటకు జనులు ఏనాడును అనుమతి అడుగలేదు. ప్రజలు తరతరములుగ చేయుచున్నదానిని శాస్త్రము ఆలస్యముగ గుర్తించిన సందర్భమది.

పండుగనాళ్లలో ఆ శాల తన గోడలను దాటి ఊరంతయు వ్యాపించును. ఊరి కొండమీద కార్మెలుమాత గుడి కలదు. జూలై 16న జరుగు పండుగకు దూరదూరపు పల్లెలనుండి జనము వచ్చును, మెట్లెక్కువారిలో అన్యమతస్థులును పెక్కుండ్రుందురు. తెలుగునాట కతోలిక పండుగ ఎట్లు జరుగునో ఎరుగనివారికి చెప్పెదను: ముందుగా ధ్వజారోహణము, నవదిన ప్రార్థనలు, చివరి రాత్రి దీపములతో తేరు. తేరు వెళ్లు వీధులలో ఇండ్లముందు కల్లాపి, ముగ్గు. కొండవీటి రాజుల కాలమునుండి ఉత్సవమనగా ఇట్లే యుండవలెనని నేర్చిన ప్రజలు తమ క్రొత్త దేవాలయమునకును ఆ మర్యాదనే జరిపించిరి.

చివరగా ఒక విన్నపము. గత కొన్ని దశాబ్దులుగా తెలుగుపల్లెలలోని ఇట్టి సున్నపు కట్టడములకు రెండు ప్రమాదములు వాటిల్లుచున్నవి. చాలవని, పాతబడినవని కూలద్రోసి కాంక్రీటు శాలలు లేపుట ఒకటి. జనము పెరిగినది నిజమే. ప్రక్కను క్రొత్తది కట్టుకొనవచ్చును, పాతదానిని బడిగానో గ్రంథాలయముగానో నిలుపుకొనవచ్చును. రెండవది ప్రేమతో చేయు హాని: చెమ్మ ఎక్కిన సున్నపుగోడలపై సిమెంటు పూత పూయుట. సున్నపుగోడ శ్వాసించును, లోని తేమ దానిగుండ బయటికి పోవును. సిమెంటు ఆ మార్గమును మూసివేయగా తేమ లోపలనే నిలిచి, ఉప్పు పేరుకొని, రాతిని ఇటుకను పొడిచేసి, కడకు పూతతో సహా పెళ్లలుగ రాల్చును. సున్నపుగోడకు సున్నపు పూతయే వైద్యము. గానుగ సున్నము నెరిగిన మేస్త్రీలు నేడును కలరు, వెదకినచో దొరకుదురు. వారి కూలి సిమెంటు పనికంటె ఎక్కువే, కాని మనుమల కాలమువరకు మరల ఆ గోడను ముట్టవలసిన పనియుండదు.

ఇచ్చట సూరతులో వస్త్రపు డిజైనులు గీయనేర్చిన తెలుగుయువకులు ఎందరో ఉన్నారు. సెలవులకు స్వగ్రామములకు పోవునప్పుడు వారిలో కొందరైనను ఒక టేపు, గళ్ల కాగితము తీసికొనిపోయి, తమ ఊరి పాత దేవాలయమో, మసీదో, గుడియో, ఏదైనను సరే, గోడ మందము, తోరణపు వెడల్పు, కిటికీ ఎత్తు కొలిచి పటము గీసి యుంచవలెనని నా కోరిక. విచారణ గురువు ననుమతి కోరి, జ్ఞానస్నానపు పుస్తకములలో పాతబడిన పుటలకు నకళ్లు తీయుడు. అందులో తల్లిదండ్రుల పేర్లు, వచ్చిన ఊళ్ల పేర్లు ఉండును. ఏ పల్లెనుండి ఎవరు ఏనాడు కదలి వచ్చిరో తెలుపు ఆధారము పేదకుటుంబములకు పెక్కుచోట్ల అది యొక్కటియే. చెదలకు, వానకు ముందే ఆ పని జరుగవలెను. రానున్న వేసవి సెలవులలోనే ప్రారంభింపుడు.